బిళ్ళగన్నేరు ఆకులో క్యాన్సర్ మందు ఉన్నమాట నిజమే, మరి ఆ ఆకు పసరు తాగితే?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న మా వీధి చివరింటాయన గేటు తీసుకుని వచ్చి, "మాస్టారూ, మీ కుండీల్లో బిళ్ళగన్నేరు ఆకులు గుప్పెడు కోసుకుంటాను" అన్నారు. శ్రీకాకుళంలో బిళ్ళగన్నేరుకి కరువేమిటి? గోడ పగుళ్ళలో, కాలవ గట్ల మీద దానంతటదే మొలుస్తుంది. అదే మాట అన్నాను. రోడ్డు పక్క మొక్కల మీద దుమ్ము, డీజిల్ పొగ పేరుకుని ఉంటాయని, శుభ్రమైన ఆకు కావాలని ఆయన. వాళ్ళమ్మగారికి రొమ్ము క్యాన్సర్. విశాఖ అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలో చూపిస్తున్నారు. రెండు కీమోలు అయ్యాయి, మూడోదానికి వెళ్ళాలి.

"క్యాన్సర్ ఇంజెక్షన్ ఈ ఆకుతోనే చేస్తారట. ఇంట్లోనే పసరు తీసి ఇస్తే తప్పేటి?" అని ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్ చూపించారు.

మెసేజ్‌లో మొదటి వాక్యం, క్యాన్సర్ ఇంజెక్షన్ ఈ ఆకుతో చేస్తారన్నది, నిజం. అదే చిక్కు. పచ్చి అబద్ధమైతే ఒక్క మాటలో తీసిపారేయొచ్చు. సగం నిజాన్ని విప్పి చెప్పాలంటే టైమ్ పడుతుంది. ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పిన అలవాటు కొద్దీ ఆయన్ని కూర్చోబెట్టాను. ఆ రోజు చెప్పినదీ, ఆయన వెళ్ళాక చెప్పాల్సిందే అనిపించినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పసరు, సారం, మందు: మూడూ వేరు

ఆకు నూరి పిండితే వచ్చేది పసరు. నీళ్ళలో మరిగిస్తే కషాయం. పేపర్లో "ఫలానా మొక్క సారం క్యాన్సర్ కణాలను చంపింది" అని రాసినప్పుడు ఆ 'సారం' ఈ రెండూ కాకపోవచ్చు. పరిశోధనశాలలో ఎండుటాకు పొడిని ఎక్కువగా మిథనాల్, ఇథనాల్, హెక్సేన్ లాంటి ద్రావకాల్లో నానబెట్టి, వడకట్టి, ద్రావకాన్ని ఆవిరి చేస్తారు. అడుగున మిగిలే జిగురు ముద్దనే సారం అంటారు.

ఏ ద్రావకం వాడారన్నది చిన్న విషయం కాదు. చింతపండు పులుపు నీళ్ళలో పిసికితే వచ్చేస్తుంది. మిరపకాయ ఎరుపు అలా రాదు. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె ఎర్రగా ఉంటుంది చూడండి, ఆ రంగు నూనెలోకే దిగుతుంది. మొక్కలో ఉన్న రసాయనాలూ అంతే, కొన్ని నీళ్ళకు లొంగుతాయి, కొన్ని లొంగవు. మిథనాల్ సారంతో వచ్చిన ఫలితాన్ని చూసి అదే ఆకుతో కషాయం కాచుకుంటే, పరీక్షించిన పదార్థం గ్లాసులోకి వచ్చిందో లేదో కూడా తెలియదు.

సారంలో వందల రసాయనాలు కలగలిసి ఉంటాయి. వాటిని విడగొట్టుకుంటూ పోయి, పని చేస్తున్నది ఏదో పట్టుకుంటే అది శుద్ధ పదార్థం. దాన్ని ఎంత ఇవ్వాలి, ఎన్ని రోజులకోసారి ఇవ్వాలి, నోటితోనా రక్తనాళం లోంచా, ఎవరికి ఇవ్వకూడదు అన్నవి మనుషుల మీద తేలాక దాన్ని మందు అంటారు.

మధుమేహానికని మొదలై క్యాన్సర్ మందుగా తేలిన మొక్క

బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్. 1952లో కెనడాకు చెందిన క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకు జమైకా నుంచి కొన్ని ఆకులు వచ్చాయి. అక్కడి వాళ్ళు షుగర్ జబ్బుకు వాటితో టీ కాచుకు తాగేవారు. ఆయన వాటిని పరిశోధకుడైన తన సోదరుడు రాబర్ట్ నోబుల్‌కు పంపాడు. ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే షుగర్‌లో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. అదే సారాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. ఎందుకా అని చూస్తే వాటి తెల్ల రక్తకణాలు పడిపోయి ఉన్నాయి. తెల్లకణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరగడమే కదా లుకేమియా అంటే. అక్కడ దారి మళ్ళింది. చార్లెస్ బీర్ అనే రసాయనవేత్త ఆ ఆకు నుంచి విన్‌బ్లాస్టిన్‌ను విడదీశాడు, 1958లో ఆ సంగతి లోకానికి తెలిసింది. అదే కాలంలో ఎలీ లిల్లీ కంపెనీ శాస్త్రవేత్తలు ఇదే మొక్క మీద పని చేస్తూ విన్‌క్రిస్టిన్‌ను పట్టుకున్నారు. 1963లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

పిల్లలకు వచ్చే లుకేమియాకు ఈనాటికీ విన్‌క్రిస్టిన్ వాడతారు, మిగతా మందులతో కలిపి. 1950లలో ఆ జబ్బు వచ్చిన పిల్లలు బతకడమే అరుదు. ఇప్పుడు సంపన్న దేశాల్లో నూటికి 90 మంది దాకా బతుకుతున్నారు. కాబట్టి "మొక్కలతో క్యాన్సర్ తగ్గుతుందా" అని అడిగితే, ఏమీ తగ్గదు అని కొట్టేసేవాళ్ళూ తప్పే చెబుతున్నారు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. పెద్దవాళ్ళకు విన్‌క్రిస్టిన్ ఒక డోసు మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఒక బియ్యపు గింజను పది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. టన్ను ఎండుటాకులో ఈ మందు దొరికేది గ్రాముల్లోనే. దాన్ని విడదీసి రక్తనాళంలోకే ఎక్కించాలి. సూది జారి చర్మం కిందకు కారితే కండ కుళ్ళుతుంది. పొరపాటున వెన్నులోకి ఇస్తే దాదాపుగా ప్రాణం పోతుంది. గుప్పెడు ఆకులో ఈ మందు ఎంతుందో కొలిచే సాధనం వంటింట్లో లేదు. పైగా అదే ఆకులో ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు ఇంకా వందకు పైగా ఉన్నాయి, వాటిలో కొన్ని బీపీ మీద పనిచేసేవి. పసరు తాగితే మందు చాలదు, మిగతావన్నీ కడుపులోకి పోతాయి.

ఆ మందు చేసే పని కూడా చెప్పాలి. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నటి తాళ్ళలాంటివి అల్లుకుని క్రోమోజోములను రెండు పక్కలకీ లాగుతాయి. విన్‌క్రిస్టిన్ ఆ తాళ్ళను అల్లుకోనివ్వదు. చీలడమే పనిగా పెట్టుకున్న క్యాన్సర్ కణం అక్కడ ఆగి చస్తుంది. అయితే మన నరాల్లోనూ అవే తాళ్ళు ఉన్నాయి. అందుకే ఈ మందు వేసుకున్నవాళ్ళకు అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి. సైడ్ ఎఫెక్ట్ అన్నది కంపెనీ వాళ్ళు కలిపింది కాదు, మొక్క లోంచి మందుతోపాటు వచ్చిందే.

పలాస జీడి నూనె, గాజు పళ్ళెం

పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళ చేతులు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పిక్క తొక్కలోంచి కారే నూనె తగిలి వేళ్ళ చివర్లు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంటుంది. ఆ నూనెలో ఉన్న అనకార్డిక్ ఆమ్లం గాజు పళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాలను చంపుతుందని పరిశోధన పత్రాలున్నాయి. అందులో అబద్ధం లేదు. బతికున్న మనిషి చర్మాన్నే కాల్చే పదార్థం, పళ్ళెంలో ఒంటరిగా ఉన్న కణాన్ని చంపకుండా ఎలా ఉంటుంది? మాటవరసకు, బట్టలుతికే సోడా నీళ్ళు పోసినా ఆ కణాలు చస్తాయి.

కణాన్ని చంపడం తేలిక. పక్కనున్న మంచి కణాన్ని వదిలేసి దాన్ని చంపడం కష్టం. అందుకే పళ్ళెం తర్వాత ఎలుకలు, ఎలుకల తర్వాత కొద్దిమంది మనుషులు (ఎంత డోసు తట్టుకుంటారో చూడటానికి), ఆ తర్వాత ఇంకొందరు (గడ్డ తగ్గుతుందా చూడటానికి), చివరికి వందల మందిని రెండు జట్లు చేసి పాత మందుతో పోల్చడం. "క్యాన్సర్‌కు మన ఆకుతో చెక్" అన్న హెడ్డింగులు ఎక్కువగా మొదటి మెట్టు దగ్గరే పుడతాయి.

ఆ మెట్ల మీద ఎన్ని రాలిపోతాయో ఒక అంకె చెబుతాను. 1960 నుంచి 1982 దాకా అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ సుమారు 35,000 మొక్కల నమూనాల నుంచి తీసిన 1,14,000 సారాలను పరీక్షించింది. ఆ వెతుకులాట నుంచి మందుల షాపు దాకా వచ్చిన పెద్ద పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ముఖ్యమైనవి రెండు, పాక్లిటాక్సెల్, క్యాంప్టోథెసిన్ నుంచి మలిచిన మందులు. రెంటి వెనకా ఉన్నది మన్రో వాల్, మన్సుఖ్ వాని అనే రసాయనవేత్తలు. ఈ వాని మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టినవాడు.

క్యాంప్టోథెసిన్ కథ తప్పక తెలియాలి. 1966లో ఒక చైనా చెట్టు నుంచి తీశారు. పళ్ళెంలో భేష్, ఎలుకల్లో భేష్. 1970లలో మనుషులకు ఇస్తే మూత్రాశయంలో రక్తస్రావం లాంటి తీవ్రమైన బాధలు వచ్చాయి, ఆపేశారు. అణువును అటూ ఇటూ మార్చి, టోపోటెకాన్, ఇరినోటెకాన్ అనే రెండు మందులుగా అమెరికాలో అనుమతి తెచ్చుకోవడానికి 1996 దాకా పట్టింది. అంటే చెట్టు ఇచ్చింది ముడిసరుకు. ఉన్నది ఉన్నట్టు వాడితే మనిషి తట్టుకోలేదు.

ఇక లక్ష్మణఫలం. "కీమో కంటే పది వేల రెట్లు శక్తి" అన్న మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఆ పది వేలు పుట్టింది పళ్ళెంలోనే, ఆ చెట్టు నుంచి తీసిన ఒక పదార్థాన్ని ఒక రకం పేగు క్యాన్సర్ కణాల మీద ఏడ్రియామైసిన్ అనే కీమో మందుతో పోల్చినప్పుడు. మనుషుల మీద పోల్చింది లేదు. అదే జాతి రసాయనం అన్నోనాసిన్ నాడీకణాలకు హాని చేస్తుందనీ, కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండూ ఆకు టీ ఎక్కువగా తీసుకునేవారిలో పార్కిన్సన్ లాంటి జబ్బు కనిపిస్తోందనీ 1999 నుంచి పరిశోధకులు అనుమానిస్తూ వస్తున్నారు. ఎప్పుడో ఒక పండు తింటే ఏమీ కాదు. రోజూ ఆకు మరిగించుకు తాగడం వేరే సంగతి.

పావు కిలో పసుపు

"పసుపు మాటేమిటి మాస్టారూ, దాని గురించి కూడా అబద్ధమేనా?" అన్నారాయన. పసుపు మీద మనందరికీ మమకారం. లెక్క వేసి చూద్దాం.

పసుపులో పనిచేసేదని చెప్పే పదార్థం కర్క్యుమిన్, పసుపు బరువులో సుమారు 3 శాతం. పళ్ళెంలో క్యాన్సర్ కణాలు చావాలంటే మామూలుగా లీటరు ద్రవంలో 4 నుంచి 7 మిల్లీగ్రాములు ఉండాలి. 2001లో తైవాన్ డాక్టర్లు మనుషులకు రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి రక్తం పరీక్షించారు. ఎక్కువలో ఎక్కువ ఉన్న సమయంలో సగటున లీటరుకు 0.65 మిల్లీగ్రాము. అంటే కావలసినదాంట్లో ఆరో వంతో, పదో వంతో. పేగు దాన్ని సరిగా పీల్చుకోదు, పీల్చుకున్నదాన్ని కాలేయం వెంటనే మార్చేసి బయటకు పంపేస్తుంది.

ఆ 8 గ్రాముల కర్క్యుమిన్ పసుపుగా తినాలంటే? 8ని 3 శాతంతో భాగిస్తే 267 గ్రాములు. రోజూ పావు కిలో పైన. చారులో వేసే చిటికెడు ఎక్కడ, ఇదెక్కడ! అన్నట్టు ఆ తైవాన్ పరీక్షలో కర్క్యుమిన్ మాత్రలే అయినా 8 గ్రాములు దాటేసరికి, అన్ని మింగలేమని రోగులు చేతులెత్తేశారు.

మిరియాలు కలిపితే ఒంటికి పడుతుందంటారు. అదీ ఒట్టి మాట కాదు. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపరిన్ కలిపితే రక్తంలో కర్క్యుమిన్ 20 రెట్లు పెరిగిందని చూపించారు. అయితే అక్కడ 2 గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు రక్తంలో దాదాపు ఏమీ కనపడలేదు. దాదాపు ఏమీ లేనిదానికి 20 రెట్లు.

2017లో కొందరు రసాయనవేత్తలు అప్పటిదాకా జరిగిన 120కి పైగా ట్రయల్స్ చూసి, ఉత్తుత్తి మాత్రతో పక్కాగా పోల్చి చూసిన పరీక్షల్లో కర్క్యుమిన్ గెలిచింది ఒక్కటీ లేదన్నారు. అది సహజంగా మెరిసే పదార్థం కావడంతో కాంతితో కొలిచే పరీక్షలను మోసం చేస్తుందనీ అన్నారు. పసుపు మీద పనిచేసేవాళ్ళు దీన్ని ఒప్పుకోలేదు. రూపం మార్చి శరీరానికి పట్టేలా చేసే ప్రయత్నాలు నడుస్తున్నాయి, మొత్తాన్నీ చెత్తబుట్టలో వేయకండి అన్నారు. నాకైతే ఇద్దరి మాటా సబబే అనిపిస్తుంది. ప్రయత్నాలు నడవనివ్వండి, అవి తేలేదాకా పసుపును కూరలో వేసుకుందాం.

"మా ఊళ్ళో ఒకామెకు తగ్గింది"

మన వైపు పసరు మందుకు పేరు తెచ్చింది పచ్చకామెర్లు. నేల ఉసిరి నూరి మూడు రోజులు ఇస్తారు, పథ్యం చెబుతారు, రెండు మూడు వారాల్లో కళ్ళు తెల్లబడతాయి. నీళ్ళ ద్వారా సోకే హెపటైటిస్ ఎ చాలామందిలో ఆ గడువులో దానంతటదే తగ్గిపోతుంది. మెచ్చుకోలు మాత్రం ఆకుకు దక్కుతుంది. అదే మనిషికి పిత్తవాహికలో గడ్డ అడ్డుపడి కామెర్లు వచ్చినా పసరే తాగిస్తారు. ఆ నెల్లాళ్ళూ పోతాయి.

క్యాన్సర్ విషయంలోనూ ఇలాంటి పొరపాట్లే. ఒకావిడకు గడ్డ ఉంది, ఆకుతో కరిగింది అంటారు. ముక్క తీసి పరీక్షకు పంపారా అని అడిగితే లేదు. రొమ్ములో చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. ఇంకొకాయన ఆపరేషన్ అయ్యాక, కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నాక కషాయం మొదలుపెట్టి, పదేళ్ళ తర్వాత కషాయం గురించే చెబుతాడు. తగ్గనివాళ్ళు ఎలాగూ వచ్చి చెప్పరు.

అందుకే పోలిక కావాలి. 2018లో అమెరికాలో అలా పోల్చారు. ఇంకా వేరే అవయవాలకు పాకని రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తి, పెద్దపేగు క్యాన్సర్లు ఉండి, ఆసుపత్రి చికిత్స వద్దని ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే ఎంచుకున్న 281 మందిని, అలాంటి జబ్బే ఉండి మామూలు చికిత్స తీసుకున్నవారితో పక్కపక్కన పెట్టారు. మొదటివారిలో చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లు దాటింది. వాళ్ళు ఏయే మందులు వాడారో ఆ లెక్కల్లో విడివిడిగా లేదు, కాబట్టి ఫలానా ఆకు చంపిందని దీన్నిబట్టి అనలేం. అసలు చికిత్స మానేయడం ఎంత ఖరీదో మాత్రం తెలుస్తుంది.

ఆయుర్వేదం వైపు వాదన

ఇందులో బలమైన మాటలు రెండున్నాయి. మొదటిది, ఒక్క అణువును పీకి ఇస్తే విషమవుతుంది, మొక్కంతా ఇస్తే ఒకదానికొకటి సర్దుకుంటాయి అన్నది. రెండోది డబ్బు గురించి. గోడ పగుల్లో మొలిచే మొక్కకు పేటెంట్ రాదు, పేటెంట్ రానిదాని మీద కోట్లు పోసి ట్రయల్ చేసేదెవరు?

రెండోదాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పసుపు గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చేశారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత ఆధారాలు పట్టుకెళ్ళి పోరాడితే 1997లో రద్దయింది. మన జ్ఞానం మీద హక్కు కోసం పోరాడినంత గట్టిగా, దాన్ని పరీక్షించి చూడటానికి ప్రభుత్వ డబ్బు పెట్టాలనడం న్యాయమైన కోరికే. 2009 నుంచి మన దేశంలో మందుల ట్రయల్స్‌ను రిజిస్టర్ చేయాలన్న నిబంధన ఉంది. ఆయుర్వేద మందులతోనూ అలా జరుగుతున్నాయి.

మొదటి వాదనకు చైనా నుంచి ఒక కథ చెబుతాను, మొక్క కథ కాకపోయినా. హార్బిన్ డాక్టర్లు 1970లలో ఒక నాటు మందు పట్టుకుని ఒక రకం లుకేమియాకు వాడి మంచి ఫలితాలు చూశారు. అందులో పాషాణం (ఆర్సెనిక్), పాదరసం లవణం, కప్ప విషం కలిసి ఉండేవి. మొత్తం కలిపి ఉంటేనే పనిచేస్తుందని ఊరుకుని ఉండొచ్చు. విడగొట్టి చూశారు. పనిచేసింది పాషాణం, మిగతా రెండూ హానికే. ఆ పాషాణం 2000లో అమెరికాలో అనుమతి పొందిన మందు. సంప్రదాయ వైద్యం దారి చూపింది, విడగొట్టడం వల్లే మందు బయటికి వచ్చింది. మిశ్రమమే మేలు అనేది ఏదో ఒక మందు విషయంలో నిజం కావచ్చు, అదీ పోల్చి చూపించాల్సిందే.

రాచపుండు (క్యాన్సర్) నయం చేస్తానని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. ఆర్టీసీ కాంప్లెక్స్ గోడలు ఆ చట్టం చదివినట్టు లేదు.

మొక్కదే కదా, హాని ఏముంది?

ఈ ప్రశ్న శ్రీకాకుళంలో వేయకూడదు. మన తీరం పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళు చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు మీద ఈ జిల్లాలోనే 10,169 మందిని పరీక్షించి, 1971లో ప్రపంచానికి చెప్పారు. అంగిలి మీద తెల్లమచ్చలు, పుండ్లు, క్యాన్సర్. పొగాకూ మొక్కే, దాన్ని ఎవరూ ఫ్యాక్టరీలో కనిపెట్టలేదు.

ఈశ్వరి తీగ జాతిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను ఎండబెట్టి, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికలు తిన్న వంద మందికి పైగా ఆడవాళ్ళ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఒక వేరు బదులు పేరు పొరపాటుతో ఈ జాతి వేరు కలవడమే కారణం. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు, దాన్ని దీనికి అంటగట్టకూడదు. కానీ కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ముందే పెరిగి ఉన్న ఉద్దానం మనిషి పేరు తెలియని వేరు అరగదీసి తాగడం గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

అప్పుడు మా పొరుగాయన నెమ్మదిగా అన్నారు, "అమ్మ తిప్పతీగ చూర్ణం వేసుకుంటోంది. కరోనా అప్పటినుంచీ."

తిప్పతీగ మీద తగువు ఇంకా ఉంది. 2021లో ముంబై డాక్టర్లు అది వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతినడం చూశామని రాశారు. ఆయుష్ శాఖ ఖండించింది, వాళ్ళు వాడింది అదే మొక్కో, దాన్ని పోలిన వేరే తీగో తేల్చలేదంది. ఎవరి మాట గెలిచినా, కీమో మందుల్లో చాలావాటిని అరిగించి పంపేది ఆ కాలేయమే. సెయింట్ జాన్స్ వర్ట్ అనే విదేశీ మూలిక తీసుకుంటున్నవారిలో ఇరినోటెకాన్ పనిచేసే రూపం 40 శాతం పైగా పడిపోయింది. మూలిక చురుకెక్కించిన కాలేయం మందును ముందే ఖర్చు చేసేసింది. మిరియాల సారం కొన్ని మందుల విషయంలో దీనికి తిరగబడి పనిచేస్తుంది, మందును రక్తంలో నిలవేసి హాని పెంచుతుంది.

"డాక్టరుగారికి చెప్పారా?" అన్నాను.

"ఆయన అడగలేదు. మేం చెప్పలేదు."

ఫైలు తెప్పించి చూశాను. ఇప్పుడు ఇస్తున్నవాటిలో ఎర్రగా ఉండే మందు ఆ ఏడ్రియామైసినే, మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది. నాలుగు కీమోల తర్వాత ఇవ్వబోయేది పాక్లిటాక్సెల్. 1962లో అమెరికా పడమటి అడవుల్లో ఒక చెట్టు బెరడు ఒలిచి తెచ్చారు, 1992లో మందైంది. ఆ బెరడును నీళ్ళలో ఎంత కాచినా లాభం లేదు, ఈ మందు నీళ్ళలో కరగదు. ఆముదం నుంచి చేసిన ద్రావకంలో కలిపి ఎక్కిస్తారు. ఆ జాతి చెట్ల ఆకులు తింటే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇప్పుడు బెరడు ఒలవకుండా, దాని జాతి చెట్ల ఆకుల నుంచి ముడిపదార్థం తీసి మిగతాది ప్రయోగశాలలో పూర్తి చేసే పద్ధతి ఉంది.

వాళ్ళు మూడో కీమోకి బయల్దేరిన రోజు తెల్లవారుజామున నేను పాల ప్యాకెట్ కోసం వెళ్తూ కనపడ్డాను. ఆయన సంచి తెరిచి చూపించారు. ఫైలు పక్కనే తిప్పతీగ డబ్బా, డాక్టరుగారికి చూపించడానికి. ఆటోలో ముందే ఎక్కి కూర్చున్న వాళ్ళమ్మగారు తల బయటపెట్టి అడిగారు, "మాస్టారూ, ఎర్ర మందు అయిపోయాక చెట్టు బెరడు మందు ఇత్తారట కదా, అది చేదుగుంటాదా?"

"తాగక్కర్లేదమ్మా, సెలైన్‌లో ఎక్కిస్తారు" అన్నాను.